నవాబు హైదర్ అలీ – కత్తి బలం, ఉపాయ బలం

హైదర్ అలీ పేరు వినని ఇల్లు మన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల్లో ఉండదు. అయితే పేరు విన్నంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు గదా. మన పిల్లలు పాత కోట ఏది చూసినా అది టిప్పు సుల్తాన్ కోట అనేస్తారు. తండ్రి పేరు కొడుకు కీర్తిలో కలిసిపోయింది. టిప్పుకు రాజ్యం తండ్రి చేతి నుండి వచ్చింది. ఆ తండ్రికి మాత్రం ఎవ్వరూ ఇవ్వలేదు. ఒక మామూలు సైనికాధికారి కొడుకు, చదవడం వ్రాయడం రానివాడు, నలువైపులా నలుగురు శత్రువులను పెట్టుకొని ఇరవై ఏళ్ళకు పైగా మైసూరు రాజ్యాన్ని ఎట్లా నిలబెట్టుకున్నాడు? ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది అదే. పొగడ్తకు వ్రాయడం లేదు, తెగడ్తకూ కాదు. ఆయన చేసిన మంచిని, చేసిన కాఠిన్యాన్ని రెండింటినీ మన పిల్లల ముందు పెట్టాలని మా ఉద్దేశం.

హైదర్ పుట్టింది 1720 ప్రాంతంలో, కోలారు జిల్లా బూదికోటలో. అది మనకు పరాయి సీమేమీ కాదు, ఈనాటికీ తెలుగు మాట వినిపించే చోటే. తండ్రి ఫతే ముహమ్మద్ శిరా నవాబు కొలువులో ఉండి యుద్ధంలో చనిపోయినాడు. అప్పటికి పెద్దకొడుకు షాబాజ్, చిన్నకొడుకు హైదర్ ఇద్దరూ పసివాళ్ళు. తండ్రి బాకీ ఉన్నాడనే సాకుతో దొడ్డబళ్ళాపురం జాగీరుదారు అబ్బాస్ కులీ ఖాన్ ఇంటి సొత్తంతా ఊడ్చుకొని, ఆ పసివాళ్ళను కూడా చిత్రహింస పెట్టినాడు. పిల్లలను నగారాలో కూర్చోబెట్టి పైన తోలు బిగించి వాయించినారని ఒక కథ ఉంది. మైసూరు కొలువులో ఉన్న బంధువు ఒకరు కలుగజేసుకోగా ఆ కుటుంబం బయటపడింది.

ఆ నగారా దెబ్బలు ఆయన మరచిపోయినాడని మేము అనుకోము. ముప్పై ఏళ్ళ తరువాత, 1761లో, హైదర్ సైన్యంతో దొడ్డబళ్ళాపురం మీదికి రాగా అబ్బాస్ కులీ ఖాన్ కన్నతల్లిని, కుటుంబాన్ని కోటలో వదిలేసి ఆర్కాటు వైపు పారిపోయినాడు. ఆ ముసలితల్లి ఒకప్పుడు ఈ అనాథ పిల్లల మీద జాలి చూపించిన మనిషి. హైదర్ ఆమెను గౌరవంగా చూసుకున్నాడు. పగ ఎవరి మీద తీర్చుకోవాలో, ఎవరి మీద తీర్చుకోకూడదో తెలిసినవాడు. అందరి విషయంలోనూ ఇట్లే ఉన్నాడా అంటే లేడు. ఆ సంగతి ముందు వస్తుంది.

1749లో దేవనహళ్ళి ముట్టడిలో హైదర్ ధైర్యం చూసి మైసూరు మంత్రి నంజరాజు ఆయనకు చిన్న దళం ఇచ్చినాడు. మరుసటి ఏడు నిజాం నాసిర్ జంగ్ చెంజి దగ్గర హత్యకు గురైనాడు. ఆ గలాటాలో హైదర్ మనుషులైన బేడర్లు, అంటే మన బోయలు, నవాబు ఖజానాలో నుండి బంగారు నాణేల ఒంటెలను తప్పించి తెచ్చినారు. తుపాకులు, గుర్రాలు కూడా దొరికినాయి. ఆ సొమ్ముతో ఆయన మేడలు కట్టలేదు, ఇంకొంతమంది సిపాయీలను పెట్టుకున్నాడు. 1750 నవంబరులో కొడుకు టిప్పు పుట్టినాడు. తల్లి ఫాతిమా ఫక్రున్నిసా మన కడప కిల్లాదారు మీర్ మొయినుద్దీన్ కూతురు. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా దర్గాలో మొక్కుకోగా పుట్టినందున ఆ పేరు పెట్టినారు.

1755లో దిండిగల్లుకు ఫౌజుదారుగా పోయినప్పటి ముచ్చట ఒకటి చెప్పాలి. మైసూరులో ఆంగ్ల రెసిడెంటుగా ఉండిన మార్క్ విల్క్స్ దీన్ని తన చరిత్రలో వ్రాసినాడు. యుద్ధంలో గాయపడిన సిపాయీలకు మాన్పు ఖర్చుకు మైసూరు ప్రభుత్వం భత్యం ఇచ్చేది. హైదర్ దళంలో గాయపడినవారు 67 మంది. లెక్క చూడడానికి వచ్చిన అధికారికి మాత్రం పసుపు గుడ్డలు చుట్టుకున్న 700 మంది కనిపించినారు! ఆ అధికారి నెలకు పద్నాలుగు రూపాయల చొప్పున డబ్బు ఎంచి ఇచ్చి పోయినాడు. నిజంగా గాయపడినవారికి దక్కింది సగమే, మిగిలినదంతా హైదర్ పేటికలోకి చేరింది. నవ్వు వచ్చే కథే, కాని దొంగలెక్క దొంగలెక్కే. ఇటువంటి లెక్కల్లో ఆయనకు కుడిభుజం ఖండేరావు అనే బ్రాహ్మణ ముత్సద్ది. హైదర్ నమ్మి పైకి తెచ్చిన మనిషి. ఈ పేరు గుర్తుంచుకోండి.

1758 నాటికి మైసూరు ఖజానా ఖాళీ. జీతాలు లేక సైన్యం మంత్రి ఇంటి ముందర ధర్నాకు కూర్చుంది. హైదర్ మధ్యవర్తిగా వచ్చి బాకీలు తీర్చినాడు, మరుసటి ఏడు మరాఠాలను ఎదుర్కొని సాగనంపినాడు. సైన్యం ఆయన వైపు తిరిగింది. అది చూసి రాణికి, రాజుకు భయం పుట్టింది. పాత మంత్రి నంజరాజును తొలగించడానికి హైదర్‌ను వాడుకున్నవారే ఇప్పుడు హైదర్‌ను తొలగించడానికి ఖండేరావును పట్టుకున్నారు.

1760 ఆగస్టులో ఒక ఉదయం శ్రీరంగపట్టణం కోట మీది ఫిరంగులు హఠాత్తుగా హైదర్ విడిది మీద పేలినాయి. ఆయన సైన్యంలో ముఖ్యభాగం ఫ్రెంచివారికి తోడుగా పుదుచ్చేరి వైపు పోయి ఉంది. కావేరి నిండుగా పారుతున్నది. హైదర్ ఆ పగలంతా ఎట్లో ఓర్చుకొని, రాత్రి కొద్దిమంది రౌతులతో ఏరు దాటి, భార్యను, పదేళ్ళ టిప్పును అక్కడే వదిలి పారిపోయినాడు. ఆనేకల్లు మీదుగా బెంగళూరు చేరినాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. బెంగళూరు సాహుకార్లు కేవలం ఆయన మాట మీద లక్షల రూపాయలు అప్పు ఇచ్చినారు. ఓడి పారిపోయి వచ్చినవాడికి అప్పు పుట్టిందంటే మాట నిలబెట్టుకుంటాడనే పేరు బజారులో ముందే ఉండాలి. ఆయన బలం కత్తిలోనే ఉందనుకునేవారు ఈ ఘట్టాన్ని గమనించాలి.

తరువాత నంజనగూడు దగ్గర యుద్ధంలో మళ్ళీ ఓడినాడు. ఇక కత్తి పనిచేయదని తెలుసుకొని, ఒకప్పుడు తాను దించివేసిన నంజరాజు ఇంటికే పోయి ఆయన కాళ్ళ మీద పడినాడు. తప్పంతా తనదేనని ఒప్పుకున్నాడు. ముసలి మంత్రి కరిగిపోయి తన పేరు, తన ముద్ర ఆయన చేతికిచ్చినాడు. ఆ ముద్రతో హైదర్ ఖండేరావు దళపతులకు ఉత్తరాలు వ్రాయించినాడు. ముందుగా అనుకున్న ప్రకారం ఖండేరావును పట్టి ఇవ్వమని, బహుమానం సిద్ధంగా ఉందని. అసలు అనుకున్నదేమీ లేదు. ఉత్తరాలు దళపతులకు కాక ఖండేరావు చేతికే చిక్కేటట్లు పంపినాడు. తనవాళ్ళే తనను అమ్మేసినారని నమ్మిన ఖండేరావు గుర్రమెక్కి పరుగెత్తినాడు. నాయకుడు లేని సైన్యం చెల్లాచెదురైంది. 1761 నడిమికి శ్రీరంగపట్టణం హైదర్ చేతిలో ఉంది. రాజుకు, నంజరాజుకు ఖర్చులకు కొంత సీమ విడిచిపెట్టి మిగిలిన రాజ్యమంతా తాను తీసుకున్నాడు.

ఖండేరావును ప్రాణాలతో విడిచిపెట్టమని రాణివాసం వేడుకుంది. హైదర్ ఒప్పుకొని, చిలకను పెంచుకున్నట్టు పెంచుకుంటానని మాట ఇచ్చినాడట. మాట తప్పలేదు. ఇనుప పంజరంలో పెట్టి పాలూ అన్నమూ పెట్టించినాడు, ఆ మనిషి చచ్చేదాకా! నమ్మకద్రోహానికి శిక్ష అనేవారు ఉన్నారు. మాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అబ్బాస్ కులీ తల్లి మీద దయ చూపినవాడూ ఈయనే, ఏడాది కూడా తేడా లేకుండా ఈ పంజరం చేయించినవాడూ ఈయనే.

ఆ ఏడే నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ శిరా సీమ మీదికి వచ్చి, కోట గట్టిగా ఉండడం చూసి, హొసకోట ముట్టడిలో చిక్కుకొని డబ్బుకు ఇబ్బంది పడుతున్నాడు. హైదర్ మూడు లక్షలు నజరానా ఇచ్చి శిరా నవాబుగిరీ సనదు వ్రాయించుకున్నాడు. వింత ఏమంటే అప్పటికి శిరా మరాఠాల చేతిలో ఉంది. అమ్మినవాడిదీ కాదు, కొన్నవాడిదీ కాదు! అయితేనేమి, ఆ కాగితంతో హైదర్ అలీ ఖాన్ బహద్దూర్ నవాబు అయినాడు, తరువాత కత్తితో శిరా పట్టుకొని కాగితాన్ని నిజం చేసినాడు. ఏ శిరా కొలువులో తండ్రి నౌకరీ చేసి చచ్చినాడో ఆ శిరాకు కొడుకు నవాబు.

ఇక మన సీమ వంతు వచ్చింది. గుత్తి దుర్గానికి అధిపతి మురారిరావు ఘోర్పడే. హిందూపురాన్ని ఆయనే నెలకొల్పినాడని, హిందూరావు అనే బిరుదు వల్ల ఆ పేరు వచ్చిందని మనవాళ్ళు చెప్పుకుంటారు. చిక్కబళ్ళాపురం పాళెగారికి సాయం వచ్చిన మురారిరావును ఓడించి, 1762 ప్రాంతంలో కొడికొండ, పెనుకొండ, మడకశిరలను హైదర్ పట్టుకున్నాడు. 1565లో విజయనగరం పాడైన తరువాత రాయలకు రాజధానిగా ఉండిన పెనుకొండ దుర్గం ఆ విధంగా మైసూరు కిందికి పోయింది. రాయదుర్గం పాళెగారు మొదటే లొంగి కప్పం కట్టినందున హైదర్ ఆయన జోలికి పోలేదు. లొంగినవాడిని నిలబెట్టడం, ఎదిరించినవాడిని వేళ్ళతో పెకలించడం ఆయన పాళెగార్ల నీతి.

1763లో బిదనూరు సంస్థానం, దాని అపారమైన ధనం చేజిక్కింది. అక్కడి బంగారు వరహా మీద శివపార్వతుల బొమ్మ ఉండేది. హైదర్ ఆ బొమ్మను చెరపలేదు. వెనుక వైపు తన పేరులోని మొదటి అక్షరం 'హే' మాత్రం వేయించి బహదూరీ వరహాలుగా చలామణి చేయించినాడు. ప్రజలు ఏ నాణేన్ని నమ్ముతారో ఆ నాణేన్నే ఉంచినాడు. శ్రీరంగపట్టణంలో కూడా అంతే. దసరాకు ఒడయరు రాజును సింహాసనం మీద కూర్చోబెట్టి ప్రజలకు చూపించేవాడు, తాను ఆ రాజు సేవకుడిననే చెప్పుకునేవాడు. అధికారం ఎవరిదో అందరికీ తెలుసు. 1776లో రాజు సంతానం లేక చనిపోతే రాజబంధువుల పిల్లలందరినీ ఒక హాలులో చేర్చి బొమ్మలు, పండ్లు, మిఠాయిలు, ఆయుధాలు పరచినారట. అందరూ బొమ్మల మీద పడగా ఒక బాలుడు మాత్రం కటారి పట్టుకున్నాడు. అతడే రాజు అని హైదర్ నిర్ణయించినాడు. అయితే ఆ కటారి చేత పట్టుకున్న పిల్లవాడు కూడా జీవితాంతం దసరా రాజుగానే ఉండిపోయినాడు.

ఈ విషయంలో ఒక చమత్కారం ఉంది. హైదర్ వకీలు అప్పాజీరామ్ సంధి మాటలకు పేష్వా మాధవరావు దర్బారుకు పోయినప్పుడు, మైసూరు రాజును ఖైదీగా పెట్టినారే అని అక్కడ ఎత్తిపొడిచినారు. శివాజీ వంశస్థుడైన సతారా రాజుకు పేష్వాగారు అధికారం అప్పగించిన వెంటనే మేమూ ఆ దారిలోనే నడుస్తామని అప్పాజీరామ్ జవాబు ఇచ్చినాడట. దర్బారు మారుమాట్లాడలేదు. అప్పాజీరామ్, పూర్ణయ్య, కృష్ణారావు వంటి బ్రాహ్మణ ముత్సద్దులు హైదర్‌కు కళ్ళు, చెవులు. పనిచేసేవాడి మతం ఆయన అడగలేదు. పని చెడగొడితే మాత్రం ఎవరికైనా కొరడా తప్పదు. వేగులు, టపా, పోలీసు అంచె శామయ్య చేతిలో ఉండేవి. ఆ పేరు చెబితే ధనవంతులు గడగడలాడేవారు.

హైదర్‌కు గడ్డం, మీసం, కనుబొమలు కూడా ఉండేవి కావు, అన్నీ తీయించుకునేవాడు. హిందుస్తానీ, కన్నడం, తెలుగు, మరాఠీ, అరవం మాట్లాడేవాడు. సంతకం మాత్రం ఒక్క అక్షరం, అదీ తలకిందులుగా. కాని ఒకసారి విన్న లెక్క, చూసిన ముఖం మరచేవాడు కాదు.

కత్తికి, ఉపాయానికి రెండింటికీ లొంగని శత్రువు ఆయనకు ఒకడే దొరికినాడు, పేష్వా మాధవరావు. 1764 నుండి 1772 దాకా మూడు దండయాత్రలు చేసి హైదర్‌ను మూడుసార్లూ వంచినాడు. 1767లో ఆ సైన్యం వస్తున్నప్పుడు హైదర్ ఇచ్చిన హుకుం మన రైతులకు, నేతగాళ్ళకు తెలియవలసినది. చెరువు కట్టలు తెంపండి, బావులను జెముడు పాలతో చెడగొట్టండి, గడ్డి తగలబెట్టండి, ధాన్యం పూడ్చండి, పశువులను అడవికి తోలండి. శత్రువుకు నీళ్ళు దొరకకూడదు. యుద్ధతంత్రంగా చూస్తే తెలివైనదే. కాని క్రియాశక్తి ఒడయరు కట్టించినాడని చెప్పుకునే మన ధర్మవరం చెరువు కట్ట మీద నిలబడి ఒక్కసారి ఆలోచించండి. చెరువు కట్ట తెగితే మన మెట్టసీమలో ఊరు ఎన్నేళ్ళకు లేస్తుంది? సైన్యం నెలకు పోతుంది, కట్ట మళ్ళీ పోసుకోవలసింది రైతే. ఇంత చేసినా శిరాలో ఉన్న సొంత బావమరిది మీర్ రజా అలీ ఖాన్ కోటను మరాఠాలకు అప్పగించి గుర్రంకొండ జాగీరు పుచ్చుకున్నాడు. చివరకు హైదర్ 35 లక్షలకు ఒప్పుకొని పేష్వాను సాగనంపినాడు.

అదే ఏడు నిజాం ఆంగ్లేయులతో కలిసి మైసూరు మీదికి రాగా, హైదర్ డబ్బు పంపి నిజామును దారిలోనే తన వైపు తిప్పుకున్నాడు. మరుసటి ఏడు నిజాం మళ్ళీ ఆంగ్లేయుల వైపు తిరిగినాడు. హైదర్ ఒంటరి అయినాడు. అప్పుడు, 1769 మార్చిలో, ఫిరంగులను, సామాన్లను వెనక్కు పంపివేసి, ఆరువేల మంది ఏరిన రౌతులతో మూడున్నర రోజుల్లో 130 మైళ్ళు పరుగెత్తి మద్రాసు పొలిమేరలో పరంగిమల దగ్గర దిగినాడు. ఆంగ్ల సైన్యం ఎక్కడో వెనుక ఉంది. ఏప్రిల్‌లో కుంపిణీ దొరలు ఆయన చెప్పిన చోట సంతకం పెట్టినారు. కష్టం వస్తే ఒకరికొకరు సాయం అని ఆ సంధి. 1770లో మాధవరావు మళ్ళీ వచ్చినప్పుడు ఆంగ్లేయులు సాయం రాలేదు. ఆ మాట తప్పడాన్ని హైదర్ పదేళ్ళు కడుపులో పెట్టుకున్నాడు. మరాఠాలతో ఉత్తరాలు నడిపినాడనే అనుమానం మీద నంజరాజ ఒడయరు రాజును గొంతు పిసికి చంపించింది కూడా 1770లోనే అని చరిత్రకారులు వ్రాసినారు. దీన్ని దాచి మేము వ్రాయలేము.

1772లో మాధవరావు చిన్నవయసులో చనిపోయినాడు. పూనాలో కలహాలు పుట్టినాయి. హైదర్ పోయిన సీమలన్నీ తిరిగి పట్టుకుంటూ 1775లో బళ్ళారి తీసుకొని గుత్తి మీదికి వచ్చినాడు. మురారిరావు లొంగనన్నాడు. రెండు నెలలకు పైగా ముట్టడి. ఊరు, కింది కోట పోయినాయి, కొండ మీద నీళ్ళు అయిపోవచ్చినాయి. పన్నెండు లక్షలకు సంధి కుదిరింది. నగలు, వెండి బంగారాలు కలిపి ఎనిమిది లక్షలు పంపి, మిగిలిన దానికి యూనస్ ఖాన్ అనే దళపతి కొడుకును జామీనుగా పంపినారు. హైదర్ ఆ కుర్రవాడికి విందు చేసి, వాళ్ళ నాయన పరాక్రమాన్ని పొగిడినాడు. పొగడ్తకు పొంగిపోయిన కుర్రవాడు, నీళ్ళు మూడు రోజులకే ఉన్నందున లొంగినాము గాని లేకుంటే లొంగేవాళ్ళమా అనేసినాడు. అంతే! డబ్బు చెల్లింపులో ఏదో వంక దొరికించుకొని హైదర్ ముట్టడి మళ్ళీ మొదలుపెట్టినాడు. 1776 మార్చిలో మురారిరావు కొండ దిగివచ్చినాడు. శ్రీరంగపట్టణానికి, అక్కడి నుండి నీళ్ళు మంచివి కాని కబ్బాళదుర్గానికి పంపినారు. అక్కడే చనిపోయినాడు. దక్కనులో అందరూ భయపడిన వీరుడు గుక్కెడు నీళ్ళ దగ్గర ఓడిపోయినాడు. గుత్తి వైపు ముసలివాళ్ళు హైదర్ పేరు చెబితే ముఖం చిట్లిస్తే మనం కోపగించుకోవలసిన పనిలేదు.

1779లో చిత్రదుర్గం, తరువాత కడప. కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ లొంగినాడు గాని, ఆయన దగ్గరి ఎనభై మంది పఠాన్లు ఆయుధాలు దించమంటే ఒప్పుకోలేదు. అర్ధరాత్రి కాపలావాళ్ళను నరికి హైదర్ డేరాలో దూరినారు. ఆయన అలికిడి విని లేచి, పొడుగాటి దిండు మీద దుప్పటి కప్పి మనిషి నిద్రపోతున్నట్టు చేసి, డేరా గుడ్డ కోసుకొని బయటపడినాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి!

1780 జులైలో ఎనభై వేలకు పైబడిన సైన్యంతో కనుమలు దిగినాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళమంతా నాశనమైంది. ఇండియాలో ఆంగ్లేయులకు అంతవరకు అంత పెద్ద ఓటమి లేదు. కాని 1781 జులైలో పరంగిపేట దగ్గర కూట్ చేతిలో హైదర్ ఓడినాడు. భూమి మీద ఎన్ని గెలిచినా సముద్రం మీది నుండి కుంపిణీకి కొత్త మనుషులు వస్తూనే ఉన్నారు. ఆయన ఉపాయాలు పనిచేయని చోటు అది. సముద్రానికి లంచం ఇవ్వలేడు గదా.

1782 చివరకు వీపు మీద రాచపుండు లేచింది. టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ కన్నుమూసినాడు. కొడుకు వందల మైళ్ళ దూరంలో, ఆంగ్ల సైన్యం దగ్గరలో. సంగతి తెలిస్తే సైన్యం చీలిపోతుంది. పూర్ణయ్య, కృష్ణారావు కొద్దిమంది సర్దార్లతో కూడబలుక్కొని మరణాన్ని దాచినారు. భౌతికకాయాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా పెట్టె పోతున్నట్టే సిపాయీల కాపలాతో రాత్రివేళ కోలారుకు పంపి తండ్రి సమాధి దగ్గర ఉంచినారు. విడిదిలో మాత్రం నవాబుగారి డేరా అట్లే నిలబడింది, హుకుంలు వెలువడుతూనే ఉన్నాయి. బుద్ధిమాంద్యం ఉన్న రెండో కొడుకు కరీంను గద్దె ఎక్కించాలని ఒక కుట్ర నడిస్తే దాన్ని కూడా నవాబుగారి పేరు మీదనే అణచివేసినారు.

టిప్పు కబురు అంది దౌడు మీద వచ్చినాడు. జనవరి మొదట్లో ఒక సాయంత్రం, పొద్దు గుంకిన తరువాత విడిదిలో ప్రవేశించి, మస్నదు ఎక్కకుండా మామూలు తివాచీ మీద కూర్చొని సర్దార్ల సలాములు తీసుకున్నాడు. హైదర్ భౌతికకాయాన్ని తరువాత కోలారు నుండి శ్రీరంగపట్టణానికి తెచ్చినారు. అక్కడి గుంబజులో ఆయన, ఒక పక్క మన కడప ఆడపడుచు ఫాతిమా, మరొక పక్క టిప్పు ఉన్నారు.